జర్మన్ డబ్బా మీద 'గిఫ్ట్' అని ఉంటే



పుట్టినరోజు దగ్గర పడితే మీ ఇంట్లో రోజుకు పదిసార్లు వినిపించే మాట 'గిఫ్ట్'. జర్మనీలో ఏ డబ్బా మీదైనా అదే మాట కనిపిస్తే మాత్రం మూత తీయకండి. జర్మన్‌లో 'గిఫ్ట్' అంటే విషం! బహుమతిని వాళ్లు 'గెషెంక్' అంటారు.

చిత్రమేమిటంటే, ఇవి రెండు వేర్వేరు మాటలు కావు. 'ఇవ్వడం' అనే అర్థమున్న పాత జర్మానిక్ మూలం నుంచి ఇంగ్లీషుకు 'గివ్', జర్మన్‌కు 'గేబెన్' వచ్చాయి. ఇచ్చినది 'గిఫ్ట్'. 'డ్రైవ్' నుంచి 'డ్రిఫ్ట్', 'థ్రైవ్' నుంచి 'థ్రిఫ్ట్' వచ్చిన వరసే ఇదీ. పిల్లలకు ఈ మూడు జతలూ పక్కపక్కన రాసి చూపించండి, స్పెల్లింగ్ బట్టీ పట్టే పని తప్పుతుంది.

మరి విషం ఎక్కడి నుంచి వచ్చింది? గ్రీకులో 'డోసిస్' అంటే ఇవ్వడం. రోగికి ఒకసారి ఇచ్చే మందుకు కూడా అదే మాట వాడారు. మనం అనే 'డోసు' అదే. (మన 'దానం' కూడా దాని దూరపు చుట్టమే.) ఆ దారిలోనే జర్మన్ 'గిఫ్ట్' కూడా 'ఇచ్చిన మోతాదు' అయింది. విషాన్ని విషమని అనలేక 'ఇచ్చినది' అని చాటుగా అంటూ అంటూ, చివరికి ఆ అర్థమే నిలిచిపోయింది. మన పల్లెల్లో పాము పేరెత్తకుండా 'పురుగు ముట్టింది' అనరూ, అలాగన్నమాట.

పాత అర్థం పూర్తిగా పోలేదు. జర్మన్‌లో కట్నాన్ని 'మిట్‌గిఫ్ట్' అంటారు, అంటే పెళ్లికూతురితో పాటు ఇచ్చేది. స్వీడిష్‌లో 'గిఫ్ట్' అని రాసి 'యిఫ్ట్' అని పలికే మాటకు విషమనీ, పెళ్లయినవారనీ రెండు అర్థాలు. వాళ్లు దీని మీద జోకులు వేసుకోకుండా ఉంటారా! పాత ఇంగ్లీషులోనూ ఇది పెళ్లిమాటే. వధువు కోసం ఇచ్చే ఓలి అని అర్థం, పలకడమూ 'య'తోనే. ఇప్పటి 'గ' శబ్దం వైకింగుల భాష నుంచి వచ్చింది.

ఒక మాటకు ఒకే అర్థం వల్లె వేయించే అలవాటు, ముఖ్యంగా రెండో విదేశీ భాష మొదలుపెట్టిన పిల్లలకు, ఇక్కడే దెబ్బతీస్తుంది. కొత్త మాట కష్టపెడుతుంది, తెలిసినట్టున్న మాట మోసం చేస్తుంది.

ఈ నెల ఇంట్లో చేయించండి: పెద్ద డిక్షనరీలో 'పాయిజన్' మాట పుట్టుక చూసి, 'తాగేది' అనే అర్థం నుంచి దానితో పాటు పుట్టిన ఇంకో ఇంగ్లీషు మాటను పట్టుకోమనండి. హ్యారీ పోటర్ చదివిన పిల్లలు ముందే చెప్పేస్తారు.