సందేహించువాడు సంఘము విడువనక్కరలేదు

పఠన భాగములు: మత్తయి 11:2–11, యోహాను 20:24–29, యోహాను 21:1–17



మన సంఘములలో అప్పుడప్పుడు ఒకరు మెల్లగా వెనుక బెంచీకి జరుగుదురు. తరువాత ప్రభువు బల్ల ఉన్న ఆదివారము మాత్రము రారు. ఆ తరువాత అసలే రారు. అడిగినప్పుడు, "డ్యూటీ పడిందండి" అనో, "ఒంట్లో బాగులేదండి" అనో చెప్పుదురు. చాలసార్లు కారణము అది కాదు. ఎంత ప్రార్థించినను బిడ్డ బ్రదుకలేదు. లేక త్రాగుడు మానుదునని అందరి యెదుట చెప్పి మరల పడిపోయిరి. లేక ఏ కారణమును లేకయే, దేవుడు వినుచున్నాడా అను ప్రశ్న రాత్రులయందు నిద్ర పట్టనియ్యదు. సందేహము ఒక భారము. సందేహము కలిగినందుకు సిగ్గు రెండవ భారము. మనిషిని సంఘమునుండి వెలుపలికి నడిపించునది తరచుగా ఈ రెండవదే.

గనులకు, మిల్లులకు, రైల్వే పనులకు ఊరు విడిచి వచ్చిన పెద్దల సంతతివారు మనలో అనేకులు. పరభాష నడుమ మన తెలుగు సంఘమే మనకు ఊరు, మనకు బంధువర్గము. పెండ్లికైనను సమాధికైనను కూడుకొనునది ఆ కొద్ది కుటుంబములే. ఆ సంఘము ఎదుట తల ఎత్తుకొనలేనివానికి వెళ్లుటకు మరియొక చోటు ఏది? కాబట్టి ఈ పాఠమును అట్టి వారి కొరకును, వారి ప్రక్కన కూర్చుండు మన అందరి కొరకును వ్రాయుచున్నాము.

1. చెరసాలలోనుండి వచ్చిన ప్రశ్న

బాప్తిస్మమిచ్చు యోహాను సామాన్యుడు కాడు. యొర్దానులో ప్రభువునకు బాప్తిస్మమిచ్చినవాడు, ఆయనను దేవుని గొఱ్ఱెపిల్లగా జనులకు చూపించినవాడు. అట్టివాడు హేరోదు చెరసాలలో పడియుండి, రావలసినవాడు ఈయనేనా, మేము వేరొకనికొరకు ఎదురుచూడవలెనా అని తన శిష్యులద్వారా అడిగించెను.

రెండు సంగతులు గమనించుడి. మొదటిది, యోహాను తన సందేహమును పరిసయ్యులయొద్దకు పంపలేదు, లోలోపల దాచుకొనలేదు. నేరుగా యేసునొద్దకే పంపెను. రెండవది, ప్రభువు అతనిని గద్దింపలేదు. గ్రుడ్డివారు చూచుచున్నారని, కుంటివారు నడుచుచున్నారని, బీదలకు సువార్త అందుచున్నదని కబురు పంపెను. యెషయా ప్రవచనములు ఎరిగిన యోహానుకు ఆ జవాబు చాలును. కబురు తెచ్చినవారు వెళ్లిపోయిన తరువాత, స్త్రీలు కనినవారిలో యోహానుకంటె గొప్పవాడు లేడని జనసమూహముతో చెప్పెను. సందేహము అడిగిన దినముననే ఆ మెప్పు!

అయితే చెరసాల తలుపు తెరువబడలేదు. యోహాను అక్కడనే శిరచ్ఛేదనము పొందెను. ప్రశ్నకు జవాబు దొరకినంతమాత్రమున కష్టము తొలగునని మేము ఎవరికిని మాట ఇయ్యలేము. ప్రభువు తనవానిని త్రోసివేయడని మాత్రము ఈ భాగమునుబట్టి ధైర్యముగా చెప్పగలము.

2. తోమా కూర్చున్న గది

చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ చూచినవారికి తోమా పేరు క్రొత్తది కాదు. ఆయన మన దేశమునకు వచ్చి సాక్ష్యమిచ్చి మరణించెనని ప్రాచీన సంప్రదాయము. మనము మాత్రము ఆయనను "సందేహపు తోమా" అని పిలుచుచు ఒకే దినముతో కొలుచుచున్నాము.

పునరుత్థానదినపు సాయంకాలము అతడు శిష్యులతో లేడు. గాయముల గురుతులు ముట్టి చూచిననేగాని నమ్మనని చెప్పెను. ఎనిమిది దినములైన తరువాత వారు మరల కూడియుండగా తోమాయు వారితో ఉండెను. ఆ ఒక్క మాటలో ఎంత మేలున్నది! పదిమంది సంతోషముతో ఉండగా ఒక్కడే నమ్మలేక ఉన్నాడు. అయినను అతడు గది విడువలేదు, వారును అతనిని వెలివేయలేదు. ప్రభువు వచ్చినప్పుడు, తోమా కోరిన గురుతులనే చూపించి, నమ్మవలెనని పిలిచెను.

"సందేహించువాడు సముద్రతరంగమువంటివాడని యాకోబు వ్రాయలేదా?" అని ఒకరు అడుగవచ్చును. వ్రాసెను. అయితే దానికి ముందరి వచనము చదువుడి. జ్ఞానము కొదువైనవాడు దేవుని అడుగవలెననియు, ఆయన గద్దింపక ధారాళముగా ఇచ్చువాడనియు అక్కడ ఉన్నది. యాకోబు ఖండించినది ద్విమనస్సును, అనగా దేవునియొద్ద ఒక కాలు, లోకమునందు ఒక కాలు ఉంచుటను. నమ్ముచున్నాను, నా అవిశ్వాసమునకు సహాయము చేయుమని కన్నీటితో అడిగిన తండ్రి (మార్కు 9:24) ద్విమనస్కుడు కాడు. ప్రభువు అతని కుమారుని స్వస్థపరచెను.

3. ఇద్దరు శిష్యులు, రెండు దారులు

పేతురు బొంకెను, యూదా అప్పగించెను. ఇద్దరును తరువాత దుఃఖించిరి. యూదా తన సిగ్గును యాజకులయొద్దకు తీసికొనిపోగా, అది మాకేమి అని వారు పొమ్మనిరి. అతడు ఒంటరిగా పోయి ప్రాణము తీసికొనెను. పేతురు వెక్కి వెక్కి ఏడ్చినను, ఆదివారము ఉదయమున తోటి శిష్యునితో కలిసియే కనబడుచున్నాడు. సమాధియొద్ద దూత, శిష్యులకు చెప్పుడనుటతో ఆపక పేతురు పేరు ప్రత్యేకముగా పలికెను (మార్కు 16:7). తన పేరు కొట్టివేయబడినదని అనుకొనువానికి ఇంతకంటె మంచి కబురు ఏమున్నది?

ప్రధానయాజకుని ముంగిట పేతురు చలికాచుకొన్న బొగ్గుల మంటకు వాడిన గ్రీకు మాట క్రొత్త నిబంధనలో మరియొక్క చోటనే ఉన్నది: తిబెరియ సముద్రతీరమున ప్రభువు చేపలు కాల్చిన నిప్పులవద్ద. మూడుమారులు బొంకినవానిని ప్రభువు అక్కడ మూడుమారులు ప్రశ్నించెను. ఎందుకు బొంకితివని కాదు, నన్ను ప్రేమించుచున్నావా అని. ముందు భోజనము పెట్టెను, తరువాత ప్రశ్నించెను, ఆ మీదట తన గొఱ్ఱెలను అప్పగించెను.

4. బన్యన్ అనుభవము

మన ఇండ్లలో అనేకులు చదివిన "యాత్రికుని ప్రయాణము" వ్రాసిన జాన్ బన్యన్, తాను క్రీస్తును అమ్ముకొంటినని, తనకిక క్షమాపణ లేదని ఎంతో కాలము కుమిలిపోయెను. ఆ సంగతులన్నియు 1666లో అచ్చయిన తన ఆత్మకథలో దాచక వ్రాసెను. బెడ్‌ఫర్డ్ పట్టణములో బీద స్త్రీలు కొందరు ఎండలో కూర్చుండి దేవుని కార్యములు చెప్పుకొనుచుండగా విని, వారితో సహవాసము చేసి, తన స్థితిని వారికి తెలిపెను. వారు తమ కాపరియైన గిఫర్డ్‌కు చెప్పగా, ఆయన బన్యన్‌ను తన ఇంటికి పిలిచెను. భయములు ఒక్క దినములో పోలేదు. అయినను అతడు ఒంటరివాడు కాలేదు.

1678లో అచ్చయిన "యాత్రికుని ప్రయాణము"లోను నిరాశ అను రాక్షసుడు క్రైస్తవుని సందేహపు కోటలో బంధించి, చావుమని బోధించును. ప్రక్కన ఉన్న స్నేహితుడే అతనిని ఆపును. వారిద్దరు రాత్రి ప్రార్థించిన మీదట, వాగ్దానమను తాళపుచెవి తన రొమ్ముననే ఉన్నదని క్రైస్తవునికి జ్ఞాపకము వచ్చును.

5. మనము చేయవలసినది

సిగ్గుతో ఉన్న సహోదరుడా, సహోదరీ: ప్రార్థనకు మాటలు రాకపోయినను వచ్చి కూర్చుండుము. నమ్మకమైన ఒక్కరితోనైనను ఉన్నది ఉన్నట్లు చెప్పుము. పాపము ఉన్నయెడల ఒప్పుకొని విడువుము. సందేహమే ఉన్నయెడల దానిని ప్రభువునొద్దకే తీసికొనిపొమ్ము. ఏలీయా చావు కోరినప్పుడు దేవుడు ముందుగా నిద్రయు రొట్టెయు నీళ్లును ఇచ్చెను. కాబట్టి వారముల తరబడి నిద్రాహారములు లేనప్పుడు వైద్యునియొద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు. చనిపోవలెనను తలంపు వచ్చినయెడల ఒంటరిగా ఉండక వెంటనే ఇంటివారికి చెప్పుము. టెలిమానస్ అను ప్రభుత్వ సహాయపు ఫోను 14416లో తెలుగులోను మాట్లాడవచ్చును.

సంఘస్థులారా: ఒకరు మనలను నమ్మి చెప్పిన మాటను ప్రార్థన మనవి అను పేరుతో పదిమందిలో పెట్టవద్దు. రానివారిని "ఎందుకు రాలేదు?" అని నిలదీయక, ఇంటికి పోయి టీ త్రాగి కాసేపు కూర్చుండి రండి. సందేహపడువారియెడల కనికరము చూపవలెనని యూదా పత్రిక (22వ వచనము) ఆజ్ఞాపించుచున్నది. గలిలయ కొండమీద ప్రభువునకు మ్రొక్కినవారిలోను కొందరు సందేహించిరి (మత్తయి 28:17). వారిని వేరుచేయకయే ఆయన సర్వలోక సువార్త పనిని ఆ గుంపునకు అప్పగించెను.

చర్చకు ప్రశ్నలు

1. యోహానుకు ప్రభువు పంపిన జవాబులో ఏమి ఉన్నది? ఏమి లేదు?
2. ఆ ఎనిమిది దినములు శిష్యులు తోమాతో ఎట్లు మెలగియుందురు?
3. యూదా, పేతురుల దారులు ఎక్కడ విడిపోయినవి?
4. మన సంఘములో ఈ మధ్య కనబడనివారు ఎవరు? పేర్లు బయటికి చెప్పక, మీ మనస్సులో తలంచి, ఈ వారము వారిలో ఒకరి ఇంటికి వెళ్లుడి.

నలిగిన రెల్లును విరువని ప్రభువు మిమ్మును బలపరచును గాక. ఆమేన్.