ముందు ఇరుసు మార్చేవాళ్లకు చెప్పే మాటలు

అమెరికాలో 1985 దాకా అమ్మిన టయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లకు ముందు వైపు ఒకే మొండి ఇరుసు, దానికి కమాన్ పట్టీలు ఉండేవి. 1986 మోడల్ నుంచి వాటి స్థానంలో టోర్షన్ బార్లతో ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది. ఆ తర్వాతి బండ్లు కొన్నవాళ్లు పాత ఇరుసును వెతికి పట్టుకుని మళ్లీ బిగిస్తున్నారు. ఇక్కడ అరిజోనాలో మన తెలుగు కుర్రాళ్లు కూడా అదే పని మీద నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు మీ దారి ఎలాంటిదో చూసుకోండి. కాలిఫోర్నియాలోని రూబికాన్ లాంటి బండరాళ్ల బాటలో మొండి ఇరుసుకు సాటి లేదు. ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసు అటు లేచి, రెండో చక్రాన్ని నేలకు నొక్కుతుంది. టైరుతో పాటు డిఫరెన్షియల్ కూడా పైకి లేస్తుంది. ఇండిపెండెంట్‌లో డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి స్ప్రింగు నొక్కుకుంటే అది నేలకు దగ్గరవుతుంది. కానీ హైవే మీద, గతుకుల మట్టిరోడ్డు మీద వేగంగా వెళ్లేవాళ్లకు ఇండిపెండెంటే హాయి. అలాంటివాళ్లను నేను వద్దనే అంటాను.

2. టోర్షన్ బార్ బోల్టు పూర్తిగా వదులు చేయకుండా దేన్నీ విప్పకండి. అందులో దాగిన బలం చేతులు విరగ్గొట్టగలదు. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసేయండి.

3. ఇరుసు కొనేటప్పుడే రెండు లెక్కలు చూసుకోవాలి. పాత ఇరుసు 1986 తర్వాతి వెనక ఇరుసు కంటే సుమారు 3 అంగుళాలు తక్కువ వెడల్పు. అంటే స్పేసర్లు వేయాలి, లేదా ఇండిపెండెంట్ బండి హబ్బులనే దీనికి అమర్చాలి. రెండోది గేర్ రేషియో. క్రౌన్ వీల్ పళ్లను పినియన్ పళ్లతో భాగించి చూడండి. ముందు 4.10, వెనక 4.88 ఉన్న బండిని ఫోర్ వీల్‌లో పెట్టి తారురోడ్డు మీద నడిపితే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి విరిగి తీరుతుంది.

4. అసలు పనంతా కోణాల్లోనే ఉంది. చక్రాన్ని పట్టుకుని పక్కలకు తిరిగే నకిల్ ఏ గీత మీద తిరుగుతుందో ఆ గీతను పక్క నుంచి చూస్తే, పై కొన కొంచెం వెనక్కి వాలి ఉండాలి. అదే క్యాస్టర్. 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే సూటిగా వస్తుంది. తగ్గితే హైవే మీద బండి అటూ ఇటూ పోతుంది. ప్రొపెల్లర్ షాఫ్టుకు సరిపోవాలని హౌసింగ్‌ను తిప్పి పినియన్‌ను పైకెత్తితే, అదే ట్యూబుకు అతికిన నకిల్ బాల్స్ కూడా తిరిగి క్యాస్టర్ పడిపోతుంది. రెండూ కుదరకపోతే బాల్ వెల్డింగ్ గ్రైండ్ చేసి, కావలసిన కోణానికి తిప్పి మళ్లీ అతకాలి. అతికేటప్పుడు కొంచెం కొంచెంగా, చల్లారనిస్తూ పోవాలి. లేకపోతే వేడికి ట్యూబు వంగుతుంది.

అందుకే బ్రాకెట్లకు ముందు ట్యాక్ మాత్రమే వేయండి. ఇంజన్, బంపర్, వించ్ అన్నీ ఉన్న బరువుతో బండిని నాలుగు టైర్ల మీద దింపి అప్పుడు కొలవండి. ఛాసిస్ వెనక గుర్తుల నుంచి ఇరుసు రెండు కొసలకూ ఐమూలగా టేపు పెట్టండి, తూకం గుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టుకోండి. రెండు ఐమూల కొలతలూ ఒకటయ్యేదాకా పూర్తి వెల్డింగ్ జోలికి వెళ్లొద్దు, బాబూ. ఈ పనిలో తొందర పనికిరాదు.

5. పాత పికప్‌లో స్టీరింగ్ బాక్స్ ఒక రాడ్‌ను ముందుకూ వెనక్కూ తోసేది. బండి ఎత్తు పెంచితే ప్రతి గుంటకూ స్టీరింగ్ దానంతటదే తిరిగేది. ఇండిపెండెంట్ బండి బాక్స్ అడ్డంగా తోస్తుంది కాబట్టి దాన్నే ఉంచుకుని, నకిల్ మీద హై స్టీర్ ఆర్మ్‌లు బిగించి, కుడి చక్రానికి డ్రాగ్ లింక్ వేయండి. బండి నేల మీద నిలబడ్డప్పుడు ఆ లింక్ టై రాడ్‌తో దాదాపు సమాంతరంగా కనిపించాలి. బాక్స్ బిగించిన చోట ఛాసిస్ చీలుతుంది, ముఖ్యంగా పెద్ద టైర్లు వేస్తే. అక్కడ ప్లేటు వేయడం తప్పనిసరి.

6. బ్రేకు గొట్టాలను ఇరుసు పూర్తిగా వేలాడుతున్నప్పుడు, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి కొలవండి. షాఫ్ట్ స్లిప్ కూడా అప్పుడే చూడాలి.

7. ఇండియాలోని మీ థార్‌కు ఈ మార్పు చేయమని అడిగితే నేను ఒప్పుకోను. 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈకి ముందు ఇండిపెండెంటే, పాత ఎంఎం 540కి మొండి ఇరుసు. మనసు లాగడం సహజమే. కానీ ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే.

8. కొన్న పాత ఇరుసు నకిల్‌ను తప్పకుండా విప్పి చూడండి. లోపల బర్‌ఫీల్డ్ జాయింట్ చుట్టూ నల్లని మాలిబ్డినం గ్రీజు చిక్కగా ఉండాలి. పల్చగా జారిపోతూ గేర్ ఆయిల్ వాసన వస్తే లోపలి సీలు పోయినట్టే. సీలు మార్చి, గ్రీజంతా తుడిచి కొత్తది కూరండి. స్టీరింగ్ ఆర్మ్ పట్టే స్టడ్‌ల మీద, నట్ల కింద కోన్ వాషర్లు కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడండి. మొదటి 100 మైళ్లు తిరిగాక ఆ నట్లకు, యూ బోల్టులకు మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి. రాళ్ల బాట నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ అదే పని చేయండి.