విశ్వవిద్యాలయముల పాత యంత్రములు

వెంకట్రామన్నగూడెమున 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయమును, తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థయు వెలసినవి. మీలో ననేకులు రేపు ఇట్టి విద్యాలయములలో జేరుదురు. అచ్చట కంప్యూటరు లేని గది యరుదు. కాని యా యంత్రము కొలది యేండ్లకే పాతబడును. పాతబడినది యెచ్చటికి బోవునో విచారించువారు మిక్కిలి తక్కువ.

ముందుగా దానిలో నేమున్నదో చూతము. పెట్టెవంటి పాత తెఱయందలి గాజుగొట్టమున, పెద్దదైనచో, కిలోగ్రామునకు మించి సీసము కలసియుండును. పాత పలకల టంకమునందు తగరముతోపాటు సీసము గలదు. ట్యూబులైటులో పాదరసము, కొన్ని బ్యాటరీలలో నికెలు, కాడ్మియము ఉండును. వీనితోడనే రాగియు, రవంత బంగారమును గలవు. ఆ రవంతయే యన్ని చిక్కులకు మూలము. పెట్టె మూసియున్నంతకాలము భయము లేదు. రాగికొఱకు తీగెలను కాల్చినప్పుడు, బంగారముకొఱకు పలకలను ఆమ్లమున ముంచినప్పుడు కీడు మొదలగును. విషపుపొగ కాల్చువాని రొమ్ములోనికి బోవును. మిగిలిన ఆమ్లము మురుగుకాలువ పాలగును.

ఆ పెట్టెలు వానిచేతికి వచ్చుటెట్లు? ఇందు దొంగతన మేమియు లేదు. పాతసామానును వేలమువేసి, ఎక్కువ ధర పాడినవానికిచ్చుట పలుచోట్ల వాడుక. లెక్కలు చూచువారికి దోషము కనబడదు. అయితే అందఱికంటె నెక్కువ పాడగలవాడు తఱచుగా పెరటిలో తీగెలు కాల్చువాడే! సక్రమముగ నడచు కర్మాగారమునకు సీసమును వేఱుపఱచుటకు, పొగను వడగట్టుటకు, కూలివాని మేలు చూచుటకు వ్యయమగును. పెరటివానికి ఆ వ్యయము లేదు. దానిని వాని బిడ్డలును, దిగువనున్న యూరును భరింతురు. విద్యాలయమునకు అధికముగ వచ్చిన యా నాలుగు రూపాయలు నిజమునకు వారి సొమ్మే.

ఏలూరు చెంత దిగువ యనగా కొల్లేరే. తమ్మిలేరు, బుడమేరు అందే కలియును. ఆ నీరు సముద్రమునకు బోవుటకు ఉప్పుటేరు దారి. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ పట్టికకెక్కిన యీ సరస్సు లోతులేనిది. నీటితో వచ్చిన భారలోహము అడుగు బురదలో దిగి చిరకాలము నిలుచును. ఆ బురదనుండి పురుగులకు, చేపలకు, చేపలనుండి ఆటపాక గూడబాతులకు, మన కంచములకును దారి యున్నది.

2020 డిసెంబరులో ఏలూరున ఐదువందలమందికి మించి అకస్మాత్తుగా జబ్బుపడిరి. పలువురు మూర్ఛలతో పడిపోయిరి. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు కొందఱి రక్తమున సీసమును, నికెలును గనుగొనిరి. తరువాత నిపుణులు పురుగుమందులను ముఖ్యముగా శంకించిరి. కావున ఆ వ్యాధిని పాత కంప్యూటర్లపై మోపుట న్యాయము గాదు. కాని రక్తములో సీసమన్న మాట ఆనాడు ఇంటింట వినబడినది.

ప్రపంచమున 2022లో ఇట్టి చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు పుట్టగా, అందు నాలుగవవంతైనను క్రమపద్ధతిని సేకరింపబడలేదు. మన దేశమున 2023 ఏప్రిల్ 1నుండి అమలైన నియమముల ప్రకారము, ఏడాదిలో ఏ సమయమందైనను జాబితాలోని యంత్రములు వేయింటికి తక్కువకాక వాడిన సంస్థ, తన పాతసామానును నమోదైన ఉత్పత్తిదారునకో, మరమ్మతుదారునకో, పునఃశుద్ధి కర్మాగారమునకో మాత్రమే యీయవలెను. అనగా వేలములో ధర నడుగుటకుముందే నమోదుపత్రము నడుగవలెను. అది లేనివాడు ఎంత పాడినను కూర్చుండబెట్టవలసినదే.

అంతకుముందు ఇంటిలోనే చేయదగిన పని కొంత గలదు. ప్రతి యంత్రమునకు సంఖ్య వేసి, కొన్నది మొదలు సాగనంపినదాక పుస్తకమున వ్రాయవలెను. బాగుపడగలదానిని బాగుచేసి చిన్న తరగతులకు వాడవచ్చును. మిగిలినదానిని వాన తగులని, సిమెంటు నేలగల గదిలో నుంచవలెను. వసతిగృహములలో ఉబ్బిన ఫోను బ్యాటరీలను చెత్తకుండీలో వేయుదురు. నలిగినచో అవి మండును. వానిని వేఱుగా ఇసుకడబ్బాలో నుంచి ఆ గదికే చేర్పవలెను. గది తాళపుచెవి యెవరియొద్ద నుండునో తలుపుపై వ్రాసియుంచుట మంచిది. లేనిచో తాళము తీయువారు దొరకక సామాను తిరిగి చెత్తకుండీకే చేరును.