చేనిగట్టు కూరలు

రాజపాళయానికి సమీపంలో, పడమటి కనుమలకు తూర్పున చోళపురం ఉన్నది. నైరుతి మేఘాలను కనుమలు చాలావరకు అడ్డుకుంటాయి. అందువల్ల ఈ ప్రాంతానికి ముఖ్యమైన వాన అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. తక్కిన నెలలలో చెరువులు, బావులే ఆధారం. అటువంటి చోట కాబేజీ పెంచాలంటే ఎన్ని బిందెల నీళ్లు మోయాలి? ఎవరూ నీళ్లు పోయని చేనిగట్టున మాత్రం నల్లేరు పచ్చగా ఉంటుంది.

నల్లేరు నాలుగు పలకల కాడలతో కంచెలపై పాకుతుంది. కాడలోనే నీటిని దాచుకుంటుంది కనుక ఎండకు త్వరగా వాడదు. కూరకు లేత కణుపులనే కోయాలి. పచ్చి కాడలో సూదులవంటి సన్నని స్ఫటికాలు ఉంటాయి. అవి దురద పుట్టిస్తాయి. అందుకే చేతికి నూనె రాసుకొని, అంచుల నార తీసి, కాడలను నూనెలో బాగా వేయించి, చింతపండుతో పచ్చడి నూరుతారు. వేయించడంలో తొందరపడినవారికి నాలుకే బుద్ధి చెబుతుంది!

తడి నేలలో పొన్నగంటి, వాన పడిన చేలలో గంగవాయిలి మొలుస్తాయి. మునగకు ఆకు, పువ్వు, కాయ మూడూ కూరలే. మునగ మన దేశపు చెట్టు. మన వంటలో తప్పని మిరప మాత్రం అమెరికా ఖండం నుండి వచ్చినది.

నల్లేరును తమిళంలో పిరండై అంటారు. ఏ భాషలోనూ దాని పేరు తెలియని పిల్లవాడికి అది కలుపు మొక్కే. కలుపు మందు చల్లితే గట్టు మీది కూర కూడా పోతుంది.

ఇటువంటి మొక్కలను కలుపు అనుకోని రైతులు తెలంగాణలో జహీరాబాదు ప్రాంతాన ఉన్నారు. అక్కడి పస్తాపూరు కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పనిచేస్తున్నాయి. ఆ స్త్రీలు రసాయనాలు వాడక జొన్న, కొర్ర, పప్పుధాన్యాలు కలిపి విత్తుతారు. నడుమ తమంతట మొలిచిన ఆకుకూరలను కూడా పంటగానే కోసుకుంటారు. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

చోళపురం పెరటికి ఇంత పొలం అక్కరలేదు. తెలియని ఆకును పెద్దలకు చూపి, వారు ఔనన్న తరువాతనే కోయాలి. వానలు మొదలుకాగానే కంచె పక్కన నల్లేరు కణుపు ఒకటి గుచ్చవచ్చు. బియ్యం కడిగిన నీళ్లు పారే చోట పొన్నగంటి కాడలు, నీరు నిలవని మూలన మునగ కొమ్మ నాటవచ్చు. అన్నిటికంటె ముందు కోతకు వచ్చేది పొన్నగంటి.