పదునారేండ్లు నిండని రాముడు

తిరుమల శ్రీవారి ఆలయమున బ్రాహ్మీముహూర్తమున సుప్రభాతము వినిపించును. దూరదేశమునుండి వచ్చి బంగారువాకిలి యెదుట నిలిచిన యాత్రికుడును, ఇంట దేవుని మందసము ముందు దీపము వెలిగించు గృహిణియు దానిని విని పులకింతురు. ఆ సుప్రభాతమును రచించినవారు మణవాళ మహాముని శిష్యులైన ప్రతివాది భయంకర అణ్ణన్. అయితే అందలి మొదటి శ్లోకము వారి రచన కాదు. అది వాల్మీకి రామాయణము, బాలకాండములోనిది. పలికినవాడు విశ్వామిత్రుడు. మేల్కొన్నవాడు తల్లిదండ్రులను విడిచి వచ్చి, సరయూతీరమున గడ్డిపరుపుపై నిదురించిన బాలుడు. ఆ బాలునకు అప్పటికి పదునారేండ్లు నిండలేదు.

ఆ యీడు పిల్లలు నేడును ఎన్నో ఇండ్లలో ఉన్నారు. పదవ తరగతి ముగియగానే కుమారుడు తనకు నచ్చిన చదువులో చేరెదననును. తండ్రి అంతకుముందే వేరొకటి నిశ్చయించియుండును. కుమార్తె స్నేహితురాండ్రతో కలిసి పొరుగూరి పోటీలకు పోయెదననును, తల్లి వలదనును. సెల్‌ఫోను, స్నేహము, కట్టు బట్ట, ఇల్లు చేరు వేళ, ఇట్లు ప్రతిదియు వాదమునకు కారణమగును. తమ మాట ఎవరును వినరని పిల్లలు, తమ బాధ వీరికి తెలియదని పెద్దలు కుములుదురు. క్రమముగా ఇంటిలో మాటలు తగ్గి, భోజనవేళ కంచముల చప్పుడు మాత్రమే మిగులును. వాదముకంటె ఈ మౌనమే ఎక్కువ ఆపద. వాదించు బిడ్డ ఇంకను తల్లిదండ్రులు విందురని ఆశించుచున్నాడు. మౌనము వహించిన బిడ్డ ఆ ఆశను విడిచినాడు.

దశరథుని భయము

విశ్వామిత్ర మహర్షి అయోధ్యకు వచ్చినపుడు దశరథుడు ఎదురేగి పూజించి, ఏది కోరినను నెరవేర్చెదనని మాట ఇచ్చెను. మహర్షి ధనము కోరలేదు, సైన్యము కోరలేదు. మారీచ సుబాహులనుండి తన యజ్ఞమును కాపాడుటకు రాముని పంపుమనెను. ఆ మాట విని రాజు తల్లడిల్లి మూర్ఛిల్లెను. తేరుకొని మొదట చెప్పినది కుమారుని వయస్సే. పదునారేండ్లైనను నిండలేదనెను. రాక్షసులతో పోరాడుటకు తగినవాడు కాడనెను. అక్షౌహిణీ సేనతో తానే వచ్చెదననెను. ముదిమిలో ఎంతయో కష్టముమీద పొందిన బిడ్డ అని ప్రాధేయపడెను. ఆ రాక్షసుల వెనుక రావణుడున్నాడని తెలిసిన పిమ్మట, వాని ముందు తానే నిలువజాలనని ఒప్పుకొనెను.

ఈ మాటలలో కపటము లేదు. దశరథుని ప్రేమ నిజము, భయమును నిజమే. లోకము మంచిది కాదని నేటి తండ్రి చెప్పునపుడును అందు కొంత సత్యమున్నది. అయినను ఒకటి గమనింపదగినది. రాముడెట్టివాడో తనకు తెలియుననియు, వసిష్ఠునకును తెలియుననియు విశ్వామిత్రుడు ముందే చెప్పెను. ఇరువురు ఋషులకు కనబడిన శక్తి కన్నతండ్రికి కనబడలేదు. ఆయన వయస్సును లెక్కించెను గాని సామర్థ్యమును లెక్కింపలేదు. తల్లిదండ్రుల కన్నులకు బిడ్డ ఎల్లప్పుడును నిన్నటి బిడ్డయే. బిడ్డ ఎదిగినాడను సంగతి ఒక్కొక్కప్పుడు ఇరుగుపొరుగువారికి ముందు తెలిసి, ఇంటివారికి చివర తెలియును.

వసిష్ఠుని హితవు

విశ్వామిత్రుడు కోపింపగా కులగురువైన వసిష్ఠుడు కల్పించుకొనెను. ఆయన రాజు భయమును పరిహసింపలేదు. ఇచ్చిన మాట తప్పరాదని మొదట చెప్పెను. పిదప రెండు సంగతులను తెలియజెప్పెను. మొదటిది, రాముడు ఒంటరిగా పోవుటలేదు. కౌశికుని రక్షణలో నున్నంతవరకు, అస్త్రవిద్య తెలిసినను తెలియకున్నను, అతనిని రాక్షసులు ఏమియు చేయజాలరు. రెండవది, ఆ రాక్షసులను అణచుట మహర్షికి అసాధ్యము కాదు. రాముని మేలుకొరకే ఆయన యాచకుడై వచ్చినాడు.

బిడ్డలకు స్వేచ్ఛ నిచ్చుటలోని మర్మమంతయు ఈ రెండు మాటలలో నున్నది. స్వేచ్ఛ యనగా విడిచిపెట్టుట కాదు, తగినవారి తోడుతో పంపుట. ఆ పంపుటయు పెద్దల సౌకర్యమునకు గాక, బిడ్డ ఎదుగుదలకై కావలెను.

వసిష్ఠుని మాట విన్న దశరథుడు సణుగుచు పంపలేదు. తానే రాముని, లక్ష్మణుని పిలిపించెను. తల్లి దీవించెను, గురువు మంగళము పలికెను. తండ్రి కుమారుని శిరస్సు మూర్కొని, ప్రసన్నమైన మనస్సుతో మహర్షికి అప్పగించెను. ఒప్పుకొన్న పిమ్మట ముఖము ముడుచుకొన్నచో, ఆ స్వేచ్ఛ బిడ్డకు భారమే యగును.

ఐదేండ్లవరకు లాలింపవలెననియు, ఆపై పదేండ్లు క్రమశిక్షణలో నుంచవలెననియు, పదునారవ ఏడు రాగానే మిత్రునివలె చూడవలెననియు నీతికోవిదులు చెప్పిరి. మిత్రునితో సంప్రదింతుము, కాదనవలసివచ్చినచో కారణము చెప్పుదుము. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశము 1992లో చేరినది. తనకు సంబంధించిన విషయములలో బాలుడు చెప్పు అభిప్రాయమునకు, వయస్సునకు పరిణతికి తగిన విలువ నీయవలెనని అందలి పండ్రెండవ అధికరణము చెప్పుచున్నది. బిడ్డ కోరినదంతయు చేయుమని దీని అర్థము కాదు. వినకుండ నిర్ణయింపరాదని మాత్రమే అర్థము.

రాముని నడవడి

పెద్దల ధర్మము ఇట్లుండగా, పిల్లల ధర్మమును రాముడే చూపినాడు. మార్గమున గంగా సరయువుల సంగమము కడ నీటి హోరు విని, అదేమని అడిగెను. మహర్షి విసుగుకొనక వివరించెను. అడుగుటలో అవిధేయత లేదు. చెప్పుటలో చిన్నతనము లేదు. తాటకను సంహరింపుమన్నపుడు, కౌశికుని ఆజ్ఞను సందేహింపక నెరవేర్పుమని అయోధ్యలో గురుజనుల మధ్య తండ్రి చెప్పినాడని రాముడు తలచుకొనెను. తండ్రి కనుచూపు మేరలో లేకున్నను తండ్రి మాట వెంటనే యున్నది. ఆశ్రమమున అన్నదమ్ములు ఆరు దినములు రాత్రింబవళ్ళు నిద్రమాని యజ్ఞమును కాచిరి. మిథిలలో శివధనుస్సు విరిగిన పిమ్మట జనకుడు కన్యాదానమునకు సిద్ధపడినను, తండ్రి అభిప్రాయము తెలియక రాముడు స్వీకరింపలేదు. ఈ సంగతిని సీతాదేవి అనసూయతో స్వయముగా చెప్పినది.

నమ్మి పంపిన తండ్రికి కుమారుడు చెల్లించిన ఋణమిది. ఎవరును చూడనిచోట మాట నిలుపుకొన్న బిడ్డకు, మరునాడు తల్లిదండ్రులు తామై వాకిలి తెరచెదరు.

గోదాదేవి కోరిక

కుమార్తెల విషయమునను ఇట్టి ఉదాహరణము కలదు. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుడు స్వామికై కట్టిన మాలలను కుమార్తె గోదాదేవి ముందు తాను ధరించి చూచుకొనెడిది. అది చూచి తండ్రి నొచ్చుకొని మందలించెను. ఆమె ముడిచిన మాలయే తనకు ప్రీతియని స్వామి స్వప్నమున తెలుపగా, ఆయన తన తలంపును మార్చుకొనెను. మానవుని పెండ్లాడనని ఆమె నిశ్చయించినపుడు ఆయన గద్దింపలేదు. ఆమె మనస్సులో నున్న స్వామి ఎవరో తెలిసికొనుటకు దివ్యదేశముల పెరుమాళ్ళ వైభవమును ఒక్కొక్కటిగా వర్ణించెను. శ్రీరంగనాథుని పేరు వినగానే ఆమె పరవశించెను. తుదకు ఆయనయే ఆమెను శ్రీరంగమునకు తోడ్కొనిపోయెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కీర్తించినది ఈ తండ్రీకూతుండ్రనే. తప్పుపట్టిన తండ్రియే తన తీర్పును దిద్దుకొని, బిడ్డ మనస్సును అడిగి తెలిసికొనుట ఆయన పెద్దరికమునకు లోటు కాలేదు.

ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా ఆ గోదాదేవి తిరుప్పావైని పఠింతురు. తక్కిన మాసములందు స్వామి మేలుకొలుపు, ఇల్లు విడిచి వెళ్ళిన కుమారుని మేల్కొల్పిన మాటతో ఆరంభమగును. ధనుర్మాసమున తండ్రి ఆలకించిన కుమార్తె గానము వినిపించును. సరయూతీరమున రాముని మేల్కొల్పునపుడు విశ్వామిత్రుడు అతనిని కౌసల్య కుమారునిగనే సంబోధించెను. ప్రేమతో పంపిన బిడ్డ ఎంత దూరమేగినను తల్లి పేరు వానితోనే పోవును. రేపటి ఉదయమున సుప్రభాతము విన్న తల్లిదండ్రులు, ఆ పిమ్మట తమ బిడ్డను పిలిచి, వాని మనస్సులోని మాటను అడ్డుచెప్పక ఒక్కసారి తుదివరకు విందురుగాక. అదియు స్వామి కైంకర్యమే.