టెక్సాస్‌లో తాగి బండి నడిపిన కేసు: కౌంటీ రికార్డులు, కోర్టు పద్ధతి
తరచూ అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా తాగి కారు నడుపుతూ పట్టుబడితే, నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ముందు గుట్టుగా ఉంచుతారు. లాయరుకు ఫోన్ చేయడానికి కూడా వెనకాడతారు. కానీ కోర్టులో వేసిన కేసు ఎవరైనా చూడగలిగే రికార్డు. గుట్టు నిలవదు, ఈలోగా గడువులు మాత్రం దాటిపోతాయి. అందుకే ఈ ప్రశ్నలు, జవాబులు.

1. ఇక్కడ ఎంత తాగితే నేరం?
రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే డీడబ్ల్యూఐ, అంటే మత్తులో బండి నడిపిన కేసు. మన దేశంలో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఇక్కడ హద్దు ఎక్కువ కదా అని ధీమాగా ఉండకూడదు. అంకె తక్కువున్నా, మత్తు వల్ల ఒంటి మీద, మనసు మీద అదుపు తప్పిందని రుజువైతే అదే నేరం. 21 ఏళ్లు నిండనివారి ఒంట్లో ఆల్కహాల్ ఏ కాస్త కనబడినా కేసే.

2. కేసు ఏ కౌంటీలో వెతకాలి?
నిందితుడు ఉండే ఊరిని బట్టి కాదు, కారు ఆపిన చోటును బట్టి వెతకాలి. ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది. వీధి మారితే కోర్టూ మారవచ్చు. కాలిన్ కౌంటీ కోర్టులు మెకిన్నీలో ఉన్నాయి. డాలస్ కౌంటీ క్రిమినల్ కేసులు ఫ్రాంక్ క్రౌలీ కోర్టు భవనంలో నడుస్తాయి. చిన్న నేరాల, అంటే మిస్‌డిమీనర్ల రికార్డు కౌంటీ క్లర్క్ దగ్గర, పెద్ద నేరాల, అంటే ఫెలనీల రికార్డు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటుంది. కౌంటీ వెబ్‌సైట్‌లో పేరుతోగానీ కేసు నంబరుతోగానీ వెతకవచ్చు.

3. పేరు కొట్టినా కేసు కనబడడం లేదు. ఎందుకు?
మన పేర్లతో వచ్చే చిక్కు ఇది. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారికి వీసా మీద మొదటి పేరు బదులు ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, పోలీసు కాగితాల్లోకి కూడా అదే రావచ్చు. పాస్‌పోర్టులో, లైసెన్సులో ఉన్న రెండు రకాలుగానూ వెతకండి. పుట్టినతేదీలో నెల ముందు వస్తుందని గుర్తుంచుకోండి.
ఇంకో కారణమూ ఉంది. రక్తపరీక్ష ఫలితం రావడానికి నెలలు పట్టవచ్చు. మిస్‌డిమీనర్ కేసు పెట్టడానికి ప్రాసిక్యూటర్‌కు 2 సంవత్సరాల గడువుంది. ఈరోజు కనబడలేదంటే కేసు లేదని కాదు.

4. రికార్డులో మాటలను ఎలా అర్థం చేసుకోవాలి?
‘అరెస్ట్’ అంటే పట్టుకున్నారు, అంతే. ‘పెండింగ్’ అంటే కేసు ఇంకా తేలలేదు. ‘డిస్పొజిషన్’ దగ్గర ఉన్నదే అసలు ఫలితం. ‘డిస్మిస్డ్’ అంటే కొట్టేశారు, ‘కన్విక్షన్’ అంటే నేరం రుజువై శిక్ష పడింది, ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ అంటే తీర్పు వాయిదా వేసి షరతుల మీద వదిలారు. అరెస్టు అన్న ఒక్క మాట చూసి మనిషిని దోషిగా ముద్ర వేయడం అన్యాయం.

5. అరెస్టు తర్వాత వరస ఏమిటి?
48 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఆయన హక్కులు వివరించి, బెయిలు మొత్తం, షరతులు నిర్ణయిస్తారు. తర్వాత ప్రాసిక్యూటర్ కేసు వేస్తే వాయిదాలు మొదలవుతాయి. నేరం ఒప్పుకోవాలా, రాజీ కుదుర్చుకోవాలా, విచారణకు వెళ్లాలా అన్నది అక్కడ తేలుతుంది. మిస్‌డిమీనర్ విచారణలో జ్యూరీ ఆరుగురు, ఫెలనీలో పన్నెండుగురు. వాయిదాకు వెళ్లకపోతే వారెంటు వస్తుంది, బెయిలు సొమ్మూ పోవచ్చు.

6. లైసెన్సు సంగతి?
ఇది వేరే దారి, వేరే గడువు. పరీక్షలో 0.08కు చేరినా, పరీక్షకు ఒప్పుకోకపోయినా లైసెన్సు కొంతకాలం నిలిపేస్తామని నోటీసు ఇస్తారు. ఆ రోజు నుంచి 15 రోజుల్లోపు విచారణ కోరాలి. కోరకపోతే నోటీసు ఇచ్చిన 40వ రోజు నుంచి లైసెన్సు ఆగిపోతుంది. మొదటిసారి పరీక్షలో తప్పినవారికి 90 రోజులు, నిరాకరించినవారికి 180 రోజులు. ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలా అని మథనపడుతుండగానే ఈ 15 రోజులు కరిగిపోతాయి.

7. శిక్ష ఎంత?
మొదటిసారి అయితే కనీసం 72 గంటల నుంచి 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. శిక్ష ఖాయమైతే దీనికి తోడు మరో 3,000 డాలర్లు. 0.15కు చేరితే జైలు సంవత్సరం దాకా, జరిమానా 4,000 దాకా, అదనపు మొత్తం 6,000 డాలర్లు. 15 ఏళ్లలోపు పిల్లలు కారులో ఉంటే మొదటిసారైనా ఫెలనీయే. మూడోసారి దొరికితే 2 నుంచి 10 సంవత్సరాలు.

8. వీసా మీద ఉన్నవారికి ఏమవుతుంది?
2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ, శిక్ష పడకముందే, అరెస్టు ఆధారంగానే వీసా రద్దు చేయగలుగుతోంది. దేశంలో ఉన్నవారి హోదా అంతటితో పోదుగానీ, బయటికి వెళితే ఆ వీసాతో తిరిగి రాలేరు. కొత్త వీసాకు వైద్యపరీక్ష అడుగుతారు. అమ్మానాన్నలను చూడడానికి టికెట్టు కొనేముందే లాయరును అడగాలి.
తీర్పు వాయిదా (డిఫర్డ్ అడ్జుడికేషన్) పద్ధతి మొదటిసారి డీడబ్ల్యూఐకి 2019 సెప్టెంబరు నుంచి వచ్చింది, 0.15 లోపు ఉంటేనే. షరతులు పూర్తయ్యాక రికార్డును బయటివారికి కనబడకుండా సీల్ చేయించుకునే వీలుంది. అయితే నేరం ఒప్పుకుని తీసుకున్న ఈ వాయిదాను ఇమిగ్రేషన్ చట్టం శిక్షగానే లెక్కిస్తుంది. క్రిమినల్, ఇమిగ్రేషన్ చట్టాలు రెండూ తెలిసిన లాయరు దగ్గరికే వెళ్లండి. ఒప్పుకోలు వల్ల ఇమిగ్రేషన్‌లో వచ్చే చిక్కులను లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో పడీల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

9. డబ్బు లేదు, ఇంగ్లీషు రాదు. ఎలా?
స్తోమత లేనివారు కోర్టు తరఫున లాయరును కోరవచ్చు. తెలుగు దుబాసీని అడిగే హక్కూ ఉంది. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టకండి.

చివరగా ఒక విన్నపం. పార్టీకి వెళ్లేముందే తిరిగొచ్చే దారి చూసుకోండి: క్యాబ్ పిలవండి, లేదా తాగని మిత్రుడికి తాళాలివ్వండి. ఎదురుగా వచ్చే కారులో కూడా ఒక కుటుంబం ఉంటుంది. పొరపాటు ఇప్పటికే జరిగిపోయి ఉంటే, దాచకండి. నోటీసు మీద తేదీ చూడండి, 15 రోజులు లెక్కపెట్టండి, ఈరోజే లాయరుకు ఫోన్ చేయండి.