చెవిపోగులోని రేడియో



నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఒక సభ్యురాలి పాడిగేదె చనిపోయింది. బీమా ఉంది, ప్రీమియం కట్టిన రసీదూ ఉంది. అయినా క్లెయిము రాలేదు. పాత చెవిపోగు కంచెకు తగిలి ఊడిపోతే కొత్తది వేయించారు గాని, ఆ కొత్త నంబరును పాలసీలో మార్పించలేదు. గేదె చెవిన ఒక నంబరు, పాలసీలో మరొక నంబరు. పోగు లేనిదే క్లెయిము లేదన్నది పశు బీమాలో తెలిసిన నియమమే. నంబరు కలవకపోతే పోగు లేనట్లే లెక్క.

రేడియో పోగులు వస్తే ఇటువంటి చిక్కులు ఉండవని కొందరు కార్యదర్శులు అంటున్నారు. అది ఎంతవరకు నిజమో తెలియాలంటే ముందు ఆ పోగు పనిచేసే తీరు తెలుసుకోవాలి.

పనిచేసే విధానం

ఆర్.ఎఫ్.ఐ.డి. అనగా రేడియో తరంగాల సాయంతో గుర్తించడం. ఈ పోగులో రెండే ముఖ్య భాగాలు: సన్నని రాగి తీగచుట్ట, నంబరు దాచిన చిన్న చిప్పు. బ్యాటరీ ఉండదు. సైకిలు డైనమోలో అయస్కాంతం తిరిగితే పక్కనున్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది కదా. ఇక్కడ ఆ పని చేతిలోని రీడరు చేస్తుంది. అది వెలువరించే అయస్కాంత క్షేత్రం క్షణక్షణం మారుతూ, పోగులోని తీగచుట్టలో కొద్దిపాటి విద్యుత్తును పుట్టిస్తుంది. దానితో చిప్పు మేల్కొని తన నంబరు చెబుతుంది. రీడరు దూరం కాగానే మళ్ళీ ఊరుకుంటుంది.

పశువుల పోగులకు అంతర్జాతీయ ప్రమాణం 134.2 కిలోహెర్ట్జ్. ఈ తరంగాలకు నీరు, మాంసం, పేడ, బురద పెద్దగా అడ్డు కావు. అయితే దూరం నుండి అందవు. చేతి రీడరును చెవి దగ్గరకు తీసుకుపోవాలి. నంబరులో 15 అంకెలుంటాయి. మొదటి మూడు దేశాన్ని లేదా తయారీదారును తెలుపుతాయి. భారతదేశపు సంకేతం 356.

మన పశువుల చెవులకు వేస్తున్న 12 అంకెల పసుపుపచ్చ పోగు వేరు. దానిపై అంకెలు, బార్‌కోడు ముద్రించి ఉంటాయి, రేడియో ఉండదు. దానిని కంటితో చదవాలి, లేదా బార్‌కోడును స్కాన్ చేయాలి.

నిత్యజీవితంలో

కారు అద్దానికి అతికించే ఫాస్టాగ్ ఈ కుటుంబానిదే. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల టోలు గేట్లలో అన్ని వరుసలూ ఫాస్టాగ్ వరుసలయ్యాయి. దాని తరంగాలు వేరు కాబట్టి కొన్ని మీటర్ల దూరం నుండే అందుతుంది. కాని డబ్బు ఆ స్టిక్కరులో లేదు, ఖాతాలో ఉంది. గ్రంథాలయ పుస్తకంలోని ట్యాగూ అంతే. పుస్తకం ఎవరు తీసుకువెళ్ళారో చెప్పేది గ్రంథాలయం రికార్డు. పెద్ద డెయిరీ ఫారాలలో ఆవు పాలు పితికే చోటికి రాగానే రీడరు నంబరు చదువుతుంది. ఆ పూట పాలు ఆ ఆవు ఖాతాలో చేరతాయి.

అసలు విషయం

దీనినిబట్టి తేలేదేమంటే, పోగు చెప్పేది నంబరు ఒక్కటే. ఆ గేదె ఎవరిది, ఎన్నవ ఈత, గాలికుంటు టీకా ఎప్పుడు వేశారు, బీమా ఎప్పటి వరకు ఉంది అన్నవి రిజిస్టరు చెప్పాలి. తప్పిపోయిన పశువు ఎక్కడుందో కూడా ఈ పోగు చెప్పలేదు. యంత్రం చదివితే అంకె తప్పు పడదు, నిజమే. కాని రాయని నంబరును ఏ యంత్రమూ రాయలేదు. ఆ సభ్యురాలి గేదెకు రేడియో పోగు ఉన్నా ఫలితం మారేది కాదు.

కాబట్టి కార్యదర్శులు ఈ నాలుగు పనులు తప్పక చేయాలి.

1. పశువుల రిజిస్టరులో 12 అంకెల నంబరుకు, రేడియో నంబరుకు వేర్వేరు గడులు ఉంచాలి. రెండూ ఒకటే అనుకోరాదు.

2. పోగు ఊడితే కొత్తది వేయించిన రోజే పాత నంబరు పక్కన కొత్త నంబరు, తేదీ రాయాలి. పాతది కొట్టివేయరాదు.

3. అదే వారంలో బీమా కార్యాలయానికి రాతపూర్వకంగా తెలిపి, అందినట్లు సంతకం తీసుకోవాలి. పశువైద్యశాలలో చెప్పి భారత్ పశుధన్ రికార్డులోనూ మార్పించాలి.

4. పశువును అమ్మినా, చనిపోయినా ఆ నంబరును మరో పశువుకు వాడరాదు.

పై సభ్యురాలు ఆ గేదె పాలతోనే ఇల్లు గడుపుకొనేది. ఒక్క ఉత్తరం రాసి ఉంటే పాలసీలోని నంబరు మారి ఉండేది. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ పాఠం చదివి వినిపించి, పశువుల రిజిస్టరును ఒకసారి పోగులతో సరిచూడవలసిందిగా కోరుతున్నాను.